తొమ్మిదో సెకను

కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పడానికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మన్సూరాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, ఇన్నేళ్లు ఈ లైన్లో ఎలా నెగ్గుకొచ్చారు?" అని అడుగుతారు. నెగ్గుకు రాలేదు నాయనా, పోట్లాడుకుంటూ వచ్చాను అంటాను. నవ్వేస్తారు. నిజం చెప్తే నవ్వుతారేమిటని నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఒక్క పోట్లాటైనా మొదలూ చివరా రాసి పెడదామని కూర్చున్నాను. ఇది ఒక రాయి గురించి జరిగిన గొడవ. చేత్తో పట్టుకునే రాయి కూడా కాదు, ప్రశ్నపత్రంలో ఎవరో కొండ మీద నుంచి జారవిడిచిన రాయి.

నేను చివరగా పనిచేసిన సంస్థ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది. ఆ సందులో హాస్టల్ బోర్డులు, కోచింగ్ బోర్డులు, ఇడ్లీ బండ్లు పోగా మిగిలిన జాగాలో మనుషులు నడుస్తారు. మాది నాలుగంతస్తుల భవనం. అన్నిటికన్నా పైన, ఏసీ గదిలో, ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కు చదివే స్టార్ బ్యాచ్. మధ్య అంతస్తులు డాక్టరు చదువుల పిల్లలవి. స్టార్‌లో చోటు దొరకని మా ఇంజనీరింగ్ పిల్లలందరూ అట్టడుగున సెల్లార్‌లో కూర్చునేవాళ్లు. బండ్లు పెట్టుకునే చోట సగానికి రేకులు అడ్డం కట్టి చేసిన గది అది. దానికి ఆఫీసువాళ్లు ఏదో ముద్దు పేరు పెట్టారు కానీ పిల్లలు మాత్రం 'పార్కింగ్ బ్యాచ్' అనేవాళ్లు.

రెండు వారాలకోసారి ఆదివారం పరీక్ష. సోమవారం పొద్దునకల్లా మార్కులు తల్లిదండ్రుల ఫోన్లకు మెసేజ్‌గా వెళ్లిపోయేవి. ఆ మార్కులను బట్టి కొందరు పైకెక్కేవాళ్లు, కొందరు కిందికి దిగేవాళ్లు. సోమవారం మా మెట్లు వైకుంఠపాళి పటంలా ఉండేవి. బ్యాగు మోసుకుంటూ దిగేవాడు ఎక్కేవాడికి ఎదురుపడితే ఇద్దరూ గోడకేసి చూసేవాళ్లు. పదహారేళ్ల పిల్లలను అట్లా చూడటం నాకు ఎన్నడూ అలవాటు కాలేదు.

ఫిజిక్స్ చెప్పేది ఆడమనిషి అంటే కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్ను దాటి వెనక్కి చూసేవాళ్లు, అసలు సారు ఎవరైనా ఉన్నాడేమోనని. "సారు ఎప్పుడొస్తడమ్మా?" అని ఒకాయన నన్నే అడిగాడు. "సారు రాడు, నేనే వస్త" అన్నాను. స్టాఫ్‌రూమ్‌లో నాకు కోపిష్టి అని పేరు. ఉన్నమాటే, నేనేం కాదనను.

ఇక మా డీన్ గారు. ఆయనది గుంటూరు వైపు. ఒకప్పుడు ఆయన మంచి ఫిజిక్స్ మాస్టారు. ఆయన క్లాసు బయట కిటికీ పట్టుకుని నిలబడి విన్న పిల్లలున్నారు. ఆయన రాసిన చిన్న సూత్రాల పుస్తకం మీదే ఆ సంస్థ నిలబడింది. ఆ సూత్రాలను అందరూ 'బుల్లెట్లు' అనేవాళ్లు. పైనుంచి వస్తువు పడిందా, ఎంతసేపు పట్టిందో చెప్పారా, ఆ టైంను టైంతో హెచ్చవేయి, ఐదుతో హెచ్చవేయి, ఎత్తు వచ్చేస్తుంది. ఇది ఒక బుల్లెట్. ప్రశ్నలో అక్కర్లేని అంకె ఏదైనా కనబడితే అది ట్రాప్, దాని జోలికి పోకు. ఇది ఇంకో బుల్లెట్. మొదటిదాంట్లో తప్పు లేదు. రెండోది చాలాసార్లు పనికొస్తుంది. ఈ రెండూ కలిసి ఒకే ప్రశ్న మీద పడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఒక ఆదివారం పడనే పడ్డాయి.

ప్రశ్న ఇదీ. నిట్టనిలువు కొండ కొమ్ము నుంచి కిందనున్న నీళ్లలోకి ఒక రాయిని జారవిడిచారు. విడిచిన తొమ్మిది సెకన్లకు చప్పుడు కొమ్ము మీద వినబడింది. గాలిలో ధ్వని వేగం సెకనుకు 320 మీటర్లు, గురుత్వ త్వరణం పది అనుకోండి, గాలి నిరోధం లేదనుకోండి. కొండ ఎత్తెంత?

చిన్న లెక్క. జర ఓపిక పట్టండి. ఆ తొమ్మిది సెకన్లలో రెండు పనులు జరగాలి. రాయి కిందికి పోవాలి, చప్పుడు పైకి రావాలి. ఎత్తు 320 మీటర్లయితే రాయి పడటానికి ఎనిమిది సెకన్లు. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, ఐదుతో హెచ్చవేస్తే 320. చప్పుడు పైకి రావడానికి ఒక్క సెకను. మొత్తం తొమ్మిది. అయిపోయింది. కానీ మా కీలో 405 అని ఉంది. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి, ఐదుతో హెచ్చవేస్తే 405. అంటే మొత్తం తొమ్మిది సెకన్లూ రాయే తినేసింది. మరి చప్పుడు ఎప్పుడు వచ్చినట్టు? గాలి నిరోధం లేదనుకోమన్నారు సరే, ధ్వనికి కూడా ప్రయాణం లేదనుకోమని ఎవరూ చెప్పలేదు కదా.

పిల్లల్లో చాలామంది బుల్లెట్ పేల్చి 405 పెట్టారు, మార్కులు కొట్టారు. 320 పెట్టినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్లకు మిగతా ప్రశ్నల్లో మార్కులు దండిగా వచ్చాయి కాబట్టి పైగదిలో కుర్చీలు కదల్లేదు, కుర్చీలు కదల్లేదు కాబట్టి నోర్లూ కదల్లేదు. ఒక్క అమ్మాయికి మాత్రం కదిలింది.

ఆ సోమవారం మొదటి గంట కొట్టాక స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. స్టార్ బ్యాచ్‌లో మూడో బెంచీలో కూర్చునే పిల్ల. ఎంత చిన్న లెక్కకైనా బొమ్మ గీయనిదే పెన్ను కదిలించేది కాదు. వాళ్లది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. తండ్రి మగ్గం వదిలేసి చంపాపేట్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాడు.

"ఏందమ్మా, గంట కొట్టిండ్రు గదా, పైకి పోలేదా?" అన్నాను.

"నన్ను కిందికి పంపిండ్రు మేడం. పార్కింగ్‌కు."

"ఎట్ల?"

"గా రాయి లెక్క. నేను 320 పెట్టిన. మార్కు లేదు, ఉల్టా ఒక మార్కు మైనస్. గా ఒక్కదానితోటే దిగిపోయిన." కళ్లల్లో నీళ్లున్నాయి కానీ గొంతులో లేవు. "నేను రాసింది కరెక్టే మేడం. కీ తప్పు."

కాగితం తీసుకున్నాను. కొండ బొమ్మ, కింద నీళ్లు, రాయికి కిందికి ఒక బాణం, చప్పుడుకు పైకి ఒక బాణం. రెండు బాణాల పక్కన రెండు టైంలు. ముప్పై ఏళ్లు బోర్డు మీద నేను గీసిన బొమ్మ కన్నా నీటుగా ఉంది. పక్కనున్న లెక్కల మాస్టారి ముందు పెట్టాను. ఆయనది నెల్లూరు. మంచివాడు, కానీ గోడ మీది కెమెరా వైపు చూడకుండా తుమ్మను కూడా తుమ్మడు. ఆయన లెక్క చూశాడు, కెమెరా చూశాడు, "మూడొందల ఇరవయ్యే" అని లోగొంతుకతో అన్నాడు.

"సరే, నేను డీన్ సారుతోటి మాట్లాడుత. నువ్వు పరేషాన్ గాకు" అన్నాను అమ్మాయితో.

"జల్ది మాట్లాడుండ్రి మేడం. మా నాయిన శనివారం వస్తుండు, సర్టిఫికెట్లు అడుగనీకి."

"సర్టిఫికెట్లెందుకు?"

అప్పుడు చెప్పింది. పైబ్యాచ్‌లో ఉన్నన్నాళ్లు ఎంపీసీ, కిందికి దిగిన రోజున సీఈసీకి మారి సాయంత్రాలు దుకాణంలో కూర్చోవాలి. తండ్రీ కూతుళ్ల మధ్య ఒప్పందం అది. అప్పుడు పిల్ల కూడా సరేనంది, కిందికి దిగే రోజు వస్తుందని అనుకోలేదు గనక. సోమవారం పొద్దున మెసేజ్ చూసి తండ్రి ఫోన్ చేశాడు. మాట మాటే అన్నాడట.

"నీకేం గావాలె?" అని అడిగాను.

"నాకు ఫిజిక్స్ గావాలె మేడం" అంది. ఇంతకాలం పాఠాలు చెప్పాను, ఆ మాట అంత తిన్నగా ఎవరూ నాతో అనలేదు. గంట కొట్టి ఎంతసేపయింది, పో అని కసిరి క్లాసుకు పంపించాను.

డీన్ గారి గదికి వెళ్లాను. ఆయన కాగితం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ధ్వని వేగం ఇచ్చింది ట్రాప్ అండీ మేడం. పేపర్ సెట్టర్లు అలానే ఇస్తారు. మన పిల్లలు దాంట్లో పడకూడదు."

"సార్, చప్పుడు వినబడింది అని ప్రశ్నలోనే ఉంది. వినబడాలంటే రావాలి కదా. రావడానికి టైం పట్టదా?"

"పడుద్దండీ. ఎవరు కాదన్నారు?"

"మరి కీ మార్చండి."

"మెసేజ్‌లు వెళ్లిపోయాయి మేడం. మన ఒక్క బ్రాంచే కాదు, అన్ని బ్రాంచీలకూ ఇదే పేపరు. ఇప్పుడు కీ తప్పంటే రేపు ప్రతి పేరెంటూ ప్రతి కీ పట్టుకుని వస్తాడు. మీరు క్లాసు చూసుకోండి."

"నా క్లాసు పిల్లే సార్ ఇది."

"ఇప్పుడు కాదు కదండీ" అన్నాడు. ఇప్పుడామె పార్కింగ్ బ్యాచ్ అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడ ఇంకో నిమిషం నిలబడితే ఏమనేదాన్నో నాకే తెలియదు, బయటికి వచ్చేశాను.

మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరుస్తూ లెక్కల మాస్టారు నాకు బుద్ధి చెప్పాడు. "ఎందుకు మేడం మనకీ తలనొప్పి? ఒక్క క్వశ్చను. ఈ ఏడాది అయిపోతే మీరు ఎలానూ మానేస్తానంటున్నారు. గౌరవంగా దండ వేయించుకుని వెళ్లండి."

"మీ లెక్కల్లో తొమ్మిదిలోంచి ఒకటి తీసేస్తే తొమ్మిదే మిగులుతుందా?" అన్నాను.

"అది కాదండీ..."

"మిగులుతుందా లేదా చెప్పండి."

"మిగలదు" అని అన్నం కలుపుకున్నాడు. పాపం, ఆయనకు ఇద్దరు పిల్లలు, ఎల్‌బీ నగర్‌లో కిరాయి ఇల్లు. ఆయన మీద నాకు కోపం లేదు. అట్లాంటి మనిషి కూడా కెమెరా వైపు చూసి మాట్లాడాల్సిన పరిస్థితి మీద ఉంది.

ఆ వారమంతా స్టార్ బ్యాచ్‌లో నేను పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు రాయి లెక్క అడగడం, నేను 320 అని బోర్డు మీద చేసి చూపించడం. ఆ మాట ఎట్లా పోయిందో డాక్టరు చదువుల అంతస్తులకు కూడా పోయింది. వాళ్ల ఫిజిక్స్ సారును నిలదీశారట. ఆయన వచ్చి నన్ను తిట్టిపోశాడు. డీన్ గారి నుంచి కబురు వచ్చింది, ఆ లెక్క ఇక క్లాసులో చేయొద్దని. మర్నాడు మళ్లీ చేశాను.

శనివారం తండ్రి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో హెల్మెట్. నేను లోపలికి వెళ్లేసరికి డీన్ గారి గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, పక్కన కూతురు నిలబడి ఉంది. నన్ను చూడగానే డీన్ గారు నవ్వు మొహం పెట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఇందులో ఏదో మతలబు ఉందని.

"రండి మేడం. మీ అమ్మాయికి న్యాయం చేద్దాం. స్పెషల్ రికమండేషన్ మీద సోమవారం నుంచి మళ్లీ స్టార్ బ్యాచ్‌లో కూర్చోబెడతాను. నాన్నగారికి కూడా చెప్పాను. మీరు మాత్రం సోమవారం క్లాసులో ఆ లెక్క 405 అని బోర్డు మీద చేసేసి, ఈ గొడవకి చుక్క పెట్టెయ్యండి. పిల్లలు కన్ఫ్యూజ్ అవుతున్నారు."

తండ్రి లేచి రెండు చేతులూ జోడించాడు. "మస్తు మేలు చేసిండ్రు సార్."

నా పంతం ఒక్కటే అయితే అక్కడే కుండ బద్దలు కొట్టేదాన్ని. కానీ చదువు ఆ పిల్లది. నేను కాదంటే పోయేది ఆమె ఎంపీసీ. నేను గట్టిగా నిలబడటం కోసం ఇంకొకరి చదువును పణంగా పెట్టే హక్కు నాకెక్కడిది? అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వే చెప్పమ్మా. నువ్వు సరే అంటే నేను నోరు మూసుకుంట. బోర్డు మీద 405 అయితే రాయ, గానీ 320 గూడ రాయ" అన్నాను.

ఆమె డీన్ గారినే అడిగింది. "అంటే నేను తప్పు రాసిన అని ఒప్పుకొని మీదికి పోవాల్నా సార్?"

"ఒప్పుకోవడం ఏముందమ్మా, సీటు వస్తోంది కదా."

"నాకు సిఫారసు వద్దు సార్. నా నాలుగు మార్కులు గావాలె."

"గా పట్టుదల ఏందే!" తండ్రి గదమాయించాడు. "సారు ఇస్త అంటుండు గదా! రాయి ఎంత ఎత్తు నుంచి పడితే మనకేంది? నోర్మూసుకొని మీద కూసో."

"నోర్మూసుకోవాలె అంటే కిందనే కూసుంట నాయినా."

"అయితే సీఈసీ తీసుకో, నడువు!"

అమ్మాయి మొహం పాలిపోయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆ తండ్రి చెడ్డవాడు కాదు, చూస్తే తెలుస్తూనే ఉంది. భయపడుతున్నాడు. మగ్గం గుంట నుంచి చంపాపేట్ దుకాణం దాకా వచ్చిన మనిషి, పెద్ద సారు ఎదుట కూతురు ఎదురు మాట్లాడితే ఎక్కడ ఏమవుతుందోనని భయం. కాసేపటికి నా వైపు తిరిగి, కోపంగానే, కానీ నిజంగా తెలుసుకుందామని అడిగాడు.

"మేడం, ఒకటి చెప్పుండ్రి. చప్పుడు రానీకి టైం పడుతదా? మీరు మాట్లాడుతుంటే నాకు ఎంటనే ఇనబడుతుంది గదా. నా బిడ్డ నిజంగ చెప్తుందా, ఉత్తగ జిద్దు చేస్తుందా? నాకు గది తెల్వాలె."

సరైన ప్రశ్న. ఆ వారమంతా ఆ భవనంలో ఎవరూ అడగని ప్రశ్న. నేను బోర్డు వెతకలేదు, పెన్ను తీయలేదు. "నాతో రండి" అన్నాను. తండ్రీ కూతుళ్లిద్దరినీ తీసుకుని మెట్లెక్కాను. మా టెర్రస్ మీదికి పిల్లలను రానివ్వకూడదని రూలు. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "డీన్ సారుకు చెప్పు, నేనే తీసుకుపోయిన అని" అన్నాను. చెప్పడానికే పరిగెత్తాడు.

మా భవనానికి వెనక వైపు, చైతన్యపురి వైపుగా, ఒక పెద్ద అపార్ట్‌మెంట్ లేస్తోంది. దూరంగానే ఉంది, మనుషులు చిన్నగా కనబడుతున్నారు. పై స్లాబు మీద ఒకతను సెంట్రింగ్ ఇనుప పలకలను పెద్ద సుత్తితో కొట్టి ఊడదీస్తున్నాడు. మధ్యాహ్నం పూట, మెయిన్ రోడ్డు మోత అటువైపు అంతగా రాదు. దెబ్బ బాగానే వినబడుతోంది.

"ఆ సుత్తినే చూడుండ్రి. చెవి కూడా అటే పెట్టుండ్రి" అన్నాను.

అతను సుత్తి ఎత్తాడు, కొట్టాడు. చప్పుడు లేదు. సుత్తి మళ్లీ పైకి లేస్తోంది. అప్పుడు వచ్చింది, ఠంగుమని. తండ్రి కళ్లు చిట్లించాడు. ఇంకో దెబ్బ. సుత్తి పలక మీద పడింది, నిశ్శబ్దం. సుత్తి భుజం మీదికి వచ్చాక ఠంగు. ఇంకోటి. ఇంకోటి. అతను పిట్టగోడ పట్టుకుని ముందుకు వంగాడు. పెదవులు కదిలిస్తూ చూస్తున్నాడు.

"సుత్తి మీదికి పోయినంక ఇనబడుతుంది" అన్నాడు మెల్లగా.

"అవును. గా చప్పుడు గాలిలోంచి నడుచుకుంట మన దాక రావాలె. అందుకే ఆలస్యం. మీ బిడ్డ రాసిన కొండ ఇంతకన్న ఇంకింత దూరం. ఆ చప్పుడుకు ఒక సెకను పడుతది. గా సెకను లెక్కపెట్టింది మీ బిడ్డ. వాళ్లు పెట్టలేదు."

వెనక అడుగుల చప్పుడు. డీన్ గారు. ఆయాసపడుతూ వచ్చాడు, తిట్టడానికే వచ్చాడు. కానీ మేము ముగ్గురం ఎటు చూస్తున్నామో చూసి ఆగిపోయాడు. ఆయన కూడా చూశాడు. సుత్తి పడటం, లేవడం, తర్వాత చప్పుడు. మొహంలో ఒక్క క్షణం పాత మాస్టారు కనబడ్డాడు, కిటికీ బయట పిల్లలు నిలబడి విన్నారే, ఆ మనిషి.

"నాకు తెలీదనుకున్నారా అండీ?" అన్నాడు. కోపంగా కాదు, నీరసంగా. "ఆదివారం సాయంత్రమే చూశాను. హెడ్డాఫీసుకి ఫోన్ కూడా చేశాను. మార్కులు ఎక్కించేశాం, కదపొద్దు అన్నారు. ఏం చెయ్యమంటారు నన్ను?"

కీ పెట్టేటప్పుడు చూసుకోలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. చూసుకోనివాడికి చూపించొచ్చు, అది నా ఉద్యోగం. తెలిసి కూడా ఆ పిల్లను కిందికి దించాడు, తెలిసి కూడా నాతో తప్పు లెక్క చేయించాలని చూశాడు. ఆయన మీద నాకున్న గౌరవం అంతా ఆ టెర్రస్ మీదే పోయింది. "ఏం చెయ్యమంటారంటే సార్, తప్పు అని రాసి ఇంకో మెసేజ్ పంపమంటాను. అది చేతకాకపోతే నన్ను కూడా కిందికే పంపండి. తప్పు చెప్పడానికి నేను ఆ పైగదిలోకి అడుగు పెట్టను" అన్నాను.

"మేడం, ఆవేశపడకండి..."

"ఆవేశమే. ఎప్పుడూ పడేదాన్నే. ఇవాళ కొత్త కాదు."

తండ్రి ఇంకా ఆ సుత్తి వైపే చూస్తున్నాడు. తర్వాత కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "సార్, మీరు తెల్సి గూడ గిట్ల జేసిండ్రా?" అని అడిగాడు. డీన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. "మా పిల్ల కిందనే కూసుంటది సార్. సర్టిఫికెట్లు వద్దు. గ్రూపు గిట్ల ఏం మార్చను. తప్పు చేయకుండ చేసిన అని ఒప్పుకోమని నేను చెప్ప. దుకాణం నేనే చూసుకుంట."

అమ్మాయి అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఆపుకున్నదంతా ఏడ్చింది. తండ్రికి ఏం చేయాలో తోచక హెల్మెట్ ఆమె చేతిలో పెట్టి, జేబు రుమాలు వెతుక్కున్నాడు. నాకూ కళ్లు తడిశాయి. నెపం ఎండ మీదికి నెట్టేశాను.

సోమవారం నా టైంటేబుల్ మారింది. స్టార్ బ్యాచ్ ఫిజిక్స్ విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన కుర్ర లెక్చరర్‌కు ఇచ్చారు. నాకు పార్కింగ్ బ్యాచ్. రేకుల గది, ఒక ఫ్యాను, పైన పోయే పైపుల్లోంచి నీళ్లు. నేను అడిగిందే ఇచ్చారు కాబట్టి ఫిర్యాదు చేయడానికి లేదు. లెక్కల మాస్టారు మెట్ల దగ్గర ఎదురొచ్చి, కెమెరా వైపు చూడకుండానే, "మంచి పని చేశారు మేడం" అని పైకే అన్నాడు. ఆయనకు అది ఎంత పెద్ద సాహసమో నాకు తెలుసు.

ఇక్కడ మీరు తప్పకుండా అడుగుతారు, ఆ అమ్మాయికి తర్వాత ర్యాంకు ఎంత వచ్చింది, ఇప్పుడేం చేస్తోంది అని. చెప్పను. ర్యాంకు వస్తేనే ఆమె రాసింది రైటవుతుందా? రాకపోతే 405 రైటవుతుందా? ర్యాంకు చెప్పి కథ ముగించడం ఆ బోర్డుల వాళ్ల పద్ధతి. నాది కాదు.

కింద గదిలో మొదటి రోజు నేను పాఠం చెప్పలేదు. రాయి లెక్కే చేయించాను, బుల్లెట్ లేకుండా, బొమ్మ గీసి. ఆ గదిలో పిల్లలకు ఎవరూ బొమ్మ గీసి చెప్పింది లేదు. మీకెలాగూ రాదు, బట్టీ పట్టండి అనేవాళ్లే అందరూ. ఒకడు లేచి, "మేడం, మా మార్కులు గూడ పోయినయా?" అన్నాడు. అతనూ 320 పెట్టాడట, చీవాట్లు తిన్నాడట. ఇంకొకతను కూడా లేచాడు. వీళ్ల పేపర్లు ఎవరూ చూడనే లేదు. ఎట్లాగూ కిందే ఉన్నారు కదా, ఇంకెక్కడికి దింపుతారు? నాకు సిగ్గనిపించింది. నా పైగది పిల్లను గురించే పోట్లాడాను, కింద ఎవరైనా ఉన్నారేమోనని నేనూ చూడలేదు.

వారం మధ్యలో డీన్ గారు రౌండ్‌కు వచ్చాడు. ప్రతి క్లాసుకూ వస్తాడు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడాలి. ఆయన చెయ్యి కిందికి ఊపుతాడు, అందరూ కూర్చుంటారు. "ఎనీ డౌట్స్?" అంటాడు. ఎవరూ ఏమీ అనరు. వెళ్లిపోతాడు.

ఆ రోజూ లేచి నిలబడ్డారు. ఆయన చెయ్యి ఊపాడు. ఎవరూ కూర్చోలేదు. వినబడలేదేమోనని "సిట్ డౌన్" అన్నాడు. కూర్చోలేదు. నేను వాళ్లకేమీ చెప్పలేదు, ఒట్టు.

"ఏంటమ్మా, ఏమైనా డౌటా?" అన్నాడు, ఎవరి వైపు చూడాలో తెలియక.

మొదటి బెంచీలోంచి ఆ అమ్మాయి మాట్లాడింది. "డౌట్ ఏం లేదు సార్. గా లెక్క మాకు మంచిగనే తెలుసు. మా నాయినకు మీరు తప్పు మెసేజ్ పంపిండ్రు. వీళ్ల నాయినలకు గూడ. ఇంకో మెసేజ్ పంపుండ్రి."

ఆయన నా వైపు చూశాడు, నేనేదైనా అని వాళ్లను కూర్చోబెడతానని. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, పిల్లల పక్కకు వెళ్లి నిలబడ్డాను. ఆయన ఇంకోసారి చెయ్యి ఊపబోయి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. ఆయన బూట్ల చప్పుడు నాలుగో అంతస్తుకు చేరేదాకా ఆ గదిలో ఒక్కరు కూడా కూర్చోలేదు.